కితియోనె బరువు

తెల్లవారి పోటు ఎక్కగానే ఎపరామా తన పడవని ఇసక మీంచి నీళ్ళలోకి తోస్తాడు. మోకాలి లోతు వచ్చాక ఆగి, నడుం నిలబెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంటాడు. అప్పుడు పడవ ముందు భాగం బుడుక్కున కిందికి దిగుతుంది. వెనకాల మోటారు రెక్కలు నీళ్ళలోంచి పైకి తేలి కనబడతాయి.

"ఎక్కావా బావా?" అంటాడు ఎపరామా. అప్పుడు తనూ వెనకాల ఎక్కి మోటారు తాడు లాగుతాడు. ఇద్దరూ చేపల వేటకి పోతారు.

ఇద్దరూ అంటే ఎపరామా, కితియోనె. కితియోనె పోయి ఏడాది కావస్తోంది. మనిషి లేడు గానీ ఆయన బరువు మాత్రం రోజూ వచ్చి పడవలో తన పాత చోట్లో కూర్చుంటుంది. మా ఊళ్ళో ఇది ఎవరికీ వింత కాదు. అవతలి దీవిలో పెళ్ళికో చావుకో పోవడానికి ఎపరామా పడవ అడిగేవాళ్ళు ముందే లెక్క వేసుకుని వస్తారు: "మేం ముగ్గురం, కితియోనె, సామాను." కితియోనెని ఇద్దరి కింద లెక్కెయ్యాలి. లేకపోతే అల వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది.

ఓసారి లెవుకా పట్నం పోలీసు ఒకాయన మేం ఎక్కిన ఎపరామా పడవని నీళ్ళ మధ్యలో ఆపాడు. "ముందు భాగం అంత పల్లంగా ఉందేమిటి?" అని గద్దించాడు. మా ఊరిపెద్ద సాకియూసా, "ముందు కితియోనె కూర్చున్నాడు సార్," అన్నాడు. పోలీసు ఆ ఖాళీ చోటు వైపు చూసి, "మరి ఆయన లైఫ్ జాకెట్ ఏది?" అని అడిగాడు. "ఆయనకి సరిపడేది ఫిజీ మొత్తంలో దొరకదండీ," అన్నాడు సాకియూసా. నిజమే కాబట్టి పోలీసు వదిలేశాడు.

బతికున్నప్పుడూ అంతే మరి. పటాలం రగ్బీ జట్టులో కితియోనె ఒక గోడ. ఆయన కూర్చుంటే చాప మీద ఇంకొకరికి చోటుండేది కాదు. ఎపరామా ఎండిన కొబ్బరిమట్టలా సన్నగా ఉంటాడు. ఇద్దరూ ఒకే రోజు పటాలంలో చేరారు. శాంతిసేన నీలం టోపీలు పెట్టుకుని ఒకే విమానంలో లెబనాన్ వెళ్ళారు, అక్కడ ఒకే చెక్‌పోస్టులో ఇసక బస్తాల వెనక కాపలా కాశారు. ఎపరామా కార్పొరల్ అయ్యాడు. కితియోనె ఏమీ అవలేదు, అవ్వాలని అనుకోనూ లేదు. తిరిగొచ్చాక కితియోనె ఎపరామా చెల్లెలు వాసెమదాని పెళ్ళి చేసుకున్నాడు. దాంతో స్నేహితులు కాస్తా బావాబావమరుదులయ్యారు.

మా దగ్గర బావాబావమరుదులంటే ఒకణ్ణొకడు ఆడిపోసుకోకపోతే పొద్దు గడవదు. బావ పళ్ళు, బావ నడక, బావ వంట, బావ అదృష్టం, అన్నీ వెక్కిరింతకే ఉన్నాయి. ఊరుకున్నామంటే ఏదో మనసులో పెట్టుకున్నామని అర్థం. చివరికి చావులో కూడా వదలరు. శవపెట్టె చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తుంటే బావ వరసైనవాడు వచ్చి తల దగ్గర కూర్చుని, పోయినవాణ్ణి నానా మాటలూ అంటాడు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే పక్కున నవ్వుతారు. అలా నవ్వించి సాగనంపితేనే పోయినవాడు తేలికపడి తన దారిన పోతాడని మాకు తెలుసు.

ఎపరామా చేసిన పొరపాటు అది చెయ్యకపోవడమే. కితియోనె గుండె ఆగి పోయిన రోజున ఎపరామా తన ట్రంకుపెట్టె అడుగున దాచుకున్న పటాలం కోటు తీసి వేసుకున్నాడు. పతకాలు తగిలించాడు. నీలం టోపీ పెట్టుకున్నాడు. బావ తల దగ్గర కర్రలా నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టి, వెళ్ళి మూల కూర్చున్నాడు. ముసలమ్మలు ఎదురుచూశారు, దగ్గారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సాకియూసా మోచేత్తో పొడిచాడు. "అన్నా, ఏదో ఒకటి అను. వాడి గురక గురించైనా అను."

"సైనికుడికి సైనికుడు ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చాను," అన్నాడు ఎపరామా.

"సైనికులు చాలామంది ఉంటారు అన్నా. ఊళ్ళో వాడికి బావవి నువ్వొక్కడివే."

ఒక్క నవ్వైనా లేకుండా మనిషిని మట్టిలో పెట్టాం. మర్నాడు పడవ నీళ్ళలోకి దిగగానే ముందుకి ఒరిగిపోయింది. ఎందుకో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

తర్వాత సాకియూసా ఆనవాయితీ ప్రకారం, దంచి తాగే యంగోనా వేళ్ళ కట్ట పట్టుకుని ఎపరామా ఇంటికి వెళ్ళాడు. చేతులు తట్టి, కట్ట ముందు పెట్టి, ఊరి తరఫున అడిగాడు. "ఒక్క ఎకసెక్కెం చాలు అన్నా. వాణ్ణి పోనియ్యి." ఎపరామా ఆ వేళ్ళు దంచి కలిపి, అందరికీ పోసి, తనూ తాగి, "ఇంకా చిక్కగా కలపాల్సింది," అన్నాడు. అంతే.

ఇక వాసెమదా సంగతి. మాలో ఆడపిల్ల పెద్దదయ్యాక సొంత అన్నతో నేరుగా మాట్లాడదు. అన్న కూర్చున్న చాప మీద కూర్చోదు, ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది. అది ప్రేమ లేక కాదు. గౌరవం అంత ఎక్కువన్నమాట. వాసెమదాకి అన్నంటే ప్రాణం. ఏం చెప్పాలన్నా మొగుడితో చెప్పేది. కితియోనె గుమ్మంలో కూర్చుని ఆ పక్క మాట ఈ పక్కకి, ఈ పక్క మాట ఆ పక్కకి మోసేవాడు. మొయ్యడంలో కొంత మార్చేవాడు కూడా. "చేపల కూర కొంచెం ఉప్పగా ఉందని చెప్పు," అని ఎపరామా అంటే, "మీ అన్నకి నీ వంట తిని సముద్రం గుర్తొచ్చిందట," అని వంటింట్లోకి అరిచేవాడు. లోపల్నించి వాసెమదా నవ్వు వినబడేది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ అన్నాచెల్లెళ్ళు కితియోనె నోటితోనే మాట్లాడుకున్నారు.

ఆయన పోయాక ఏంచేస్తారా అని మేమంతా అనుకున్నాం. వాసెమదా ఏమీ తడుముకోలేదు. పొద్దున్నే ఒడ్డుకి వచ్చి పడవ ముందు వైపుకి తిరిగి నిలబడేది. "ఏవయ్యా, మీ బావ చొక్కా భుజం దగ్గర చిరిగింది. విప్పి మెట్టు మీద పెట్టమను, కుట్టిస్తాను." వెనకాల మోటారు దగ్గర ఎపరామా ఆమె వైపు చూడకుండా, "బావా, పెడతానని చెప్పు," అనేవాడు. ఆమె వెళ్ళిపోయేది. ఆయన వేటకి పోయేవాడు. మధ్యలో కితియోనె బరువు కదలకుండా కూర్చుని అన్నీ వినేది. అలా ఏడాది పొడుగునా సాఫీగానే జరిగిపోయింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఎపరామా కాలికి పగడం గీసుకుంది. వేళ్ళ మధ్య చిన్న గాటు. ఆయనకి చక్కెర జబ్బు ఉంది, పాదంలో స్పర్శ ఏనాడో పోయింది, అందుకని పట్టించుకోలేదు. గాటు పుండయింది. పుండు నల్లబడింది. చర్చిలో ఆయన పక్క బల్ల వాళ్ళు మెల్లిగా వెనక బల్లకి జరగడం మొదలుపెట్టారు.

మా దీవి నర్సు తోరికా కట్టు విప్పి చూసి మొహం మాడ్చుకుంది. "మావయ్యా, ఇది నా చేతిలో లేదు. ఇవాళే లెవుకా ఆసుపత్రికి పోవాలి. ముందు వేళ్ళు పోతాయి, తర్వాత కాలు, తర్వాత నువ్వు."

"చూద్దాంలే అమ్మా."

"చూడ్డానికేముంది? కంపు కొడుతోంది! అక్కడ కొన్నాళ్ళు ఉంచుకుంటారు, బాగుచేసి పంపిస్తారు."

"కొన్నాళ్ళంటే కుదరదు. పడవ ఒడ్డున పడుంటే వాణ్ణెవరు నీళ్ళ మీదికి తీసుకెళ్తారు? రోజూ వస్తాడు. వచ్చి నేను లేకపోతే ఏమనుకుంటాడు?"

"కితియోనె మావయ్య ఏమనుకుంటాడో గానీ నువ్వు మాత్రం చచ్చిపోతావు."

ఎపరామా ఆ పాదాన్ని చేత్తో చాప మీదికి జరుపుకున్నాడు. తోరికా చిన్నప్పట్నుంచీ చూస్తున్న మనిషి, ఎప్పుడూ పటాలం కబుర్లు చెప్పి ఎరగడు. ఆ రోజు చెప్పాడు. లెబనాన్‌లో ఓ మధ్యాహ్నం వాళ్ళ చెక్‌పోస్టు మీద తుపాకి గుళ్ళు పడ్డాయి. ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలీదు, మధ్యలో వీళ్ళు. ఎపరామాకి అదే మొదటిసారి. గోతిలో కూర్చోలేక, చెవులు మూసుకుని, బయటికి దూకి పరిగెత్తబోయాడు. కితియోనె కాలు పట్టుకుని లాగి, బోర్లా పడేసి, మీద కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు, చాప మీద కూర్చున్నట్టు. చప్పుడు ఆగేదాకా లేవలేదు. పైన కూర్చుని జేబులోంచి ఆప్రికాట్లు తీసి తింటూ, ఒకటి కిందికి అందిస్తూ, మా ఊరి పాస్టరుగారి మేకపిల్ల కథ చెప్పాడు. ముందు పరిగెత్తిన ఇంకో దళం కుర్రాడు రోడ్డు దాటలేదు.

"అప్పట్నుంచి ఆ బరువు పక్కన ఉంటే గానీ నాకు ధైర్యం ఉండదమ్మా," అన్నాడు ఎపరామా. "మా బావని వెక్కిరించడానికి నాకు మాటలు లేక కాదు. పుట్టెడున్నాయి. అంటే వెళ్ళిపోతాడు. వాడు పోతే నేనెలా ఉండను?"

తోరికా ఏడ్చుకుంటూ కట్టు కట్టింది. తిన్నగా వాసెమదా ఇంటికి వెళ్ళి అంతా చెప్పేసింది.

మర్నాడు పొద్దున వాసెమదా ఒడ్డున ఆగలేదు. నల్లబట్టలతోనే నడుం లోతు నీళ్ళలోకి నడిచి వచ్చి, పడవ ముందు అంచు రెండు చేతులా పట్టుకుంది. ఎపరామా వెనకాల తాడు లాగబోతూ ఆగిపోయాడు. ఆమె ఆయన వంక చూడలేదు. వలలు ఆరేసుకుంటున్న మేమంతా మాత్రం చేతుల్లో పని వదిలేసి చూశాం.

"ఏవయ్యా! నీతోనే! వినబడుతోందా?" అంది వాసెమదా. "హాయిగా కూర్చున్నావు! రోజూ షికారు! నీ బావ కాలు కుళ్ళిపోతోంది, నీకు వాసన రావడం లేదా? నీ ముక్కు కూడా మట్టిలోనే వదిలేసి వచ్చావా? నువ్వున్నావని ఆయన కదలడు. ఆయన కదలడని నువ్వు పోవు. ఇద్దరూ కలిసి చేస్తున్న పని బాగానే ఉంది!"

పడవ కొంచెం ఊగింది.

"నాకు మొగుడు పోయాడు, సరే. ఏడ్చాను, ఇంకా ఏడుస్తాను. అన్న కూడా పోతే నేనెవరికి పక్కకి తప్పుకునేది? ఎవరితో మాట్లాడకుండా ఉండేది? చెప్పవయ్యా!" ఆమె పడవ అంచు ఒక్కసారి కుదిపింది. "యుద్ధంలో నువ్వే కదా ఆయన్ని బతికించావు. ఇప్పుడు నువ్వే చంపుతావా? తీసుకుపో. లెవుకా తీసుకుపోయి దింపు. అంతే నేను చెప్పేది."

ఆ పైన ఏడుపులూ బొబ్బలూ ఏమీ లేవు. ఆమె తడిబట్టలతో వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఎపరామా, "బావా, విన్నానని చెప్పు," అన్నాడు మెల్లిగా. తాడు లాగి, రోజూ పోయే పగడాల దిబ్బ వైపే పడవ తిప్పాడు.

ఆ తర్వాత జరిగింది సగం మేం ఒడ్డు మీంచి చూశాం, సగం ఎపరామాయే తర్వాత చెప్పాడు. దిబ్బ దగ్గరికి చేరకముందే ముందున్న బరువు కుడి అంచు మీదికి జరిగింది. పడవ పక్కకి ఒరిగి కుడికి తిరిగింది. కుడి వైపున లెవుకా. ఎపరామా మోటారు పిడి ఇటు నొక్కి ఎడమకి తిప్పాడు. బరువు ఇంకా జరిగింది. పడవ చుట్టూ తిరిగి మళ్ళీ లెవుకా వైపే నిలబడింది. ఒడ్డు మీంచి మాకు కనబడింది ఏమిటంటే, ముక్కుతాడేసిన దున్నలాగా పడవ నీళ్ళ మీద గిరగిరా తిరగడం.

"కితియోనె! ఎడమకి జరుగు!" ఎపరామా కార్పొరల్ గొంతుతో అరిచాడు. "ఇది ఆర్డర్!"

లెబనాన్‌లోనే ఆర్డర్లు వినని మనిషి ఇప్పుడేం వింటాడు? పడవ ఇంకో చుట్టు తిరిగింది.

"బావా, నీకు దణ్ణం పెడతాను. నేను అక్కడికి పోను. పోతే మళ్ళీ నువ్వుంటావో ఉండవో."

ఇంకో చుట్టు. వల జారి నీళ్ళలో పడింది. టిఫిన్ గిన్నె బోర్లాపడి ఉడికించిన కర్రపెండలం ముక్కలు పడవంతా దొర్లాయి. ఎపరామాకి తిక్క రేగింది. ఏడాదిగా బిగబట్టుకున్న నోరు తెరుచుకుంది.

"ఒరే బండ బావా! దున్నపోతులా ఒళ్ళు పెంచావు గానీ నీకు బుద్ధి ఎండ్రకాయంత కూడా లేదురా! రగ్బీ ఆడాడట పెద్ద రగ్బీ! బంతి పట్టుకుని మన గీత వైపే పరిగెత్తిన మొనగాడివి నువ్వు! నీ పెళ్ళినాడు చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుంటే వెనక ప్యాంటు చర్రున చిరిగి పాస్టరుగారు దీవెన మర్చిపోయాడు! ఆ చిరుగు చూసి కూడా మా చెల్లెలు సరేనందంటే అది దాని మంచితనం గానీ నీ అందం చూసి కాదు! నీ గురక విని అవతలి వాళ్ళు ట్యాంకులొస్తున్నాయని పారిపోయారు, అందుకే మనం బతికాం, దానికి నీకు పతకం కూడా ఇచ్చారు వెధవలు!"

నీళ్ళ మీద మాట దూరం పోతుంది. ఒడ్డున మేం పడీపడీ నవ్వాం. ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బా, ఇప్పటికి నోరొచ్చింది వీడికి," అన్నారు. ఎపరామా కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చూస్తే, పడవ ముందు భాగం ఇంతకుముందు కన్నా జానెడు పైకి లేచి ఉంది.

ఆయన చటుక్కున నోరు మూసుకున్నాడు.

భయమేసిందట. ఇంకో నాలుగు మాటలంటే బావ ఉండడు. అనకపోతే పడవ దిబ్బ వైపు పోదు. మోటారు పిడి వదిలేశాడు. పడవ తనంతట తనే సర్దుకుని తిన్నగా లెవుకా వైపు సాగింది. లెవుకా చర్చి గడియారం గోపురం కనబడేటప్పుడు, "నన్ను దింపేసి నువ్వెక్కడికి పోతావు బావా?" అని అడిగాడు. బతికుండగా కూడా కితియోనె ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పేవాడు కాదు, ఏదో ఒకటి తినడానికి చేతిలో పెట్టేవాడు.

రేవు మెట్ల దగ్గర అలలు గట్టిగా కొడుతున్నాయి. పెద్ద ఓడ ఏదో అప్పుడే కదిలి వెళ్ళింది. మిగతా పడవలన్నీ గోడకి కొట్టుకుని గంతులేస్తుంటే ఎపరామా పడవ మాత్రం ముందు భాగం మెట్టుకి ఆనించి బండరాయిలా నిలబడింది. స్పర్శ లేని కాలితో, మోకాళ్ళ మీద, చేతుల మీద పాకి ఆయన మెట్లెక్కాడు. అంత సేపూ పడవ వెంట్రుకవాసి కదల్లేదు. పైన సామాను ఎత్తుతున్న కూలీలు ఒక చెయ్యందించి లాగారు.

ఎపరామా నిలబడి వెనక్కి తిరిగాడు. పడవ ముందు చోటు ఖాళీగా, పల్లంగా ఉంది. ఆయన చెయ్యి సెల్యూట్ కోసం నుదుటి దాకా లేచింది. మధ్యలో ఆపి, కిందికి దించేశాడు.

"ఒరే బావా," అని కేకేశాడు. "పైన కూడా గేటు దగ్గర చెక్‌పోస్టు ఉంటుంది. నీకు అలవాటేగా! కాకపోతే ఈసారి నువ్వు ఆపేవాడివి కాదు, ఆగేవాడివి. లెబనాన్‌లో ప్రతి కారూ ఆపి వాళ్ళ ఆప్రికాట్లన్నీ మేశావు. ఆ కార్లు నడిపిన ముసలాళ్ళంతా అక్కడే వరసగా నిలబడి ఉంటారు, నీ జేబులు తడమడానికి! ముందే అన్నీ బయట పెట్టెయ్యి. దేవుడు రెక్కలిస్తానంటే రెండు జతలు అడుగు, ఒక జతతో నీ పొట్ట కూడా లేవదు!"

కూలీలు గొల్లుమన్నారు. "ఎవర్ని తాతా అన్నేసి మాటలంటున్నావు?" అన్నాడొకడు.

"మా బావని."

కూలీ పడవలోకి తొంగి చూశాడు. "అబ్బో, లావుపాటి మనిషే."

పడవ ముందు భాగం లేవడం మొదలుపెట్టింది. లావుపాటివాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లిగా లేచినట్టు లేచింది. మోటారు రెక్కలు నీళ్ళలో మునిగాయి. ముక్కు కింద ఏడాదిగా నానిన నాచు బయటపడి నీళ్ళు కారాయి. తర్వాత అల రాగానే ఆ పడవ కూడా మిగతా పడవల్లాగే గంతేసింది. ఎపరామా రేవు గట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. కూలీలు టాక్సీ పిలిచి ఆసుపత్రికి పంపారు.

వేళ్ళన్నీ, పాదంలో సగమూ తీసేశారు. కాలు దక్కింది, ప్రాణం దక్కింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే రెండూ దక్కేవి కాదని, పడవ తీసుకురావడానికి వెళ్ళిన సాకియూసాతో డాక్టరు అన్నాడు. కాలు మానేలోపు ఇక్కడ బావ పోయి ఏడాది నిండింది. కితియోనె పేరు మీద నల్లబట్టలు విప్పే కార్యం అయింది. కార్యానికి ఎపరామా చంకలో కర్రతో వచ్చి, కూర్చున్న చోటి నుంచి బావని మరో దఫా దులిపేశాడు. వాసెమదా పూల గౌను వేసుకుని వంటింట్లో నవ్వింది. అందరం తిన్నాం, తాగాం.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అన్న మాట చెల్లికి, చెల్లి మాట అన్నకి చేరేసే దిక్కు లేదు. సాకియూసా కొన్నాళ్ళు ప్రయత్నించాడు. ఆయన మాట మోస్తే అందులో ఉప్పూ కారం ఉండేవి కావు. "నేను కితియోనెని కాదు, నా వల్ల కాదు," అని మానేశాడు. ఓ పొద్దున వాసెమదా అలవాటు కొద్దీ ఒడ్డుకి వచ్చి, పడవ ముందు వైపుకి తిరిగి, "ఏవయ్యా," అంది. పడవ తేలిగ్గా అటూ ఇటూ ఊగుతోంది. ఆమె అక్కడితో ఆపి వెళ్ళిపోయింది. ఎపరామా తల వంచుకుని ముడులేసిన వలకే మళ్ళీ ముడులేస్తూ కూర్చున్నాడు.

వేటకి పోవడం కూడా కష్టమైపోయింది. వెనకాల మోటారు, మోటారు దగ్గర ఎపరామా, ముందు ఏమీ లేదు. ముక్కు గాల్లోకి లేచిపోయేది. సగం పాదంతో ఆయన ముందుకి పోయి నిలబడలేడు. ముందు ఓ రాళ్ళ బస్తా వేసుకోమన్నాడు సాకియూసా. "మా బావ చోట్లో రాళ్ళ బస్తానా?" అని ఎపరామా అరిచిన అరుపుకి ఇంకెవరూ ఆ మాటెత్తలేదు. ఆ రోజే పగడాల మధ్య దారిలో ఎదురు అల కొట్టి పడవ నిలువుగా లేచింది. ఒక్క క్షణం అది వెల్లకిలా పడిందనే అనుకున్నాం. ఒడ్డున బట్టలుతుకుతున్న వాసెమదా చేతిలో సబ్బు జారి పడిపోయింది. పడవ ఎలాగో సర్దుకుంది. మనిషి తడిసి ముద్దయి తిరిగొచ్చాడు, బుట్టలో చేపలు లేవు.

మర్నాడు పొద్దున పోటు ఎక్కింది. ఎపరామా పడవ తోశాడు, మోకాలి లోతులో ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు. వాసెమదా ఇంట్లోంచి వచ్చింది. చేతిలో చిన్న బుట్ట, తలకి గుడ్డ. ఎవరి వంకా చూడకుండా పూల గౌను మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. అంచు పట్టుకుని, మోకాళ్ళ నొప్పికి మూలిగి, పడవ ముందు భాగంలోకి ఎక్కింది. మొగుడు కూర్చున్న చోట్లో, మొహం సముద్రం వైపు పెట్టి, అన్నకి వీపు చేసి కూర్చుంది. సొంత అన్న ఉన్న పడవలో ఆడమనిషి అలా కూర్చోవడం మా ఊళ్ళో ఎవరమూ చూసి ఎరగం. మేమంతా వలల్లో తలలు దూర్చి చిక్కులు తియ్యడంలో మునిగిపోయాం. ముసలమ్మలు కూడా కొండ వైపు తిరిగి కూర్చున్నారు.

పడవ ముక్కు కొంచెం దిగింది. మునుపటంత కాదు, సరిపడేంత.

ఎపరామా వెనకాల ఎక్కాడు. తాడు పట్టుకుని చాలాసేపు లాగలేదు. ఆఖరికి లాగాడు, మోటారు అందుకుంది.

"ఇవాళ అలలున్నాయి," అన్నాడు, ఎవరితోనూ కాదు, గాలితో అన్నట్టు. "పట్టుకుని కూర్చోవాలి."

వాసెమదా వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ చాచి పడవ అంచులు గట్టిగా పట్టుకుంది.